తెల్లవారేసరికి సిద్ధమైన జాబితా

2016 జూలై 16, శనివారం. ముందురోజు రాత్రి టర్కీ సైన్యంలో ఒక వర్గం ప్రభుత్వాన్ని కూల్చడానికి తిరుగుబాటు చేసింది. రాజధాని అంకారాలో పార్లమెంటు మీద యుద్ధవిమానాలు బాంబులు వేశాయి. ఇస్తాంబుల్‌లో బోస్ఫరస్ వంతెన మీద ట్యాంకులు వదిలేసి, చేతులు పైకెత్తి నడిచి వస్తున్న సైనికుల దృశ్యాలు తెల్లవారినప్పటి నుంచి టీవీల్లో తిరుగుతూనే ఉన్నాయి. అదే రోజు టర్కీలో జడ్జీల నియామకాలు, బదిలీలు చూసే ఉన్నత మండలి 2,745 మంది జడ్జీలను, ప్రాసిక్యూటర్లను సస్పెండ్ చేసింది. తిరుగుబాటు మొదలై అప్పటికి పూర్తిగా ఒక రోజైనా కాలేదు. అంతమంది పేర్లు, హోదాలు, పనిచేస్తున్న ఊళ్లు తప్పుల్లేకుండా టైపు చేయడానికే ఒక ఆఫీసుకు ఎంతసేపు పడుతుందో ఊహించండి. ఒక్కొక్కరి మీద ఆధారాలు చూడటం సంగతి సరేసరి.

ఈ మాట అనగానే కొందరు మిత్రులు చంకలు గుద్దుకుంటారు. "చూశావా, అదంతా అధ్యక్షుడు ఎర్డోగాన్ ఆడించిన నాటకమే" అంటారు. నేను నమ్మను. ఆ రాత్రి 250 మందికి పైగా పౌరులు, పోలీసులు, విధేయులైన సైనికులు చనిపోయారు. రెండు వేల మందికి పైగా గాయపడ్డారు. సైన్యాధ్యక్షుడు హులుసీ అకార్‌ను ఆయన సొంత అధికారులే బందీగా పట్టుకుని అకిన్జీ వైమానిక స్థావరానికి తీసుకెళ్లారు. నాటకానికి ఇంత నెత్తురు అక్కర్లేదు. తిరుగుబాటు నిజం. జాబితా అంతకు ముందే సిద్ధంగా ఉందన్నదీ నిజం. ఈ రెండింటినీ ఒకేసారి ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాదు. అందుకే టర్కీ గురించి జరిగే ప్రతి చర్చా "నాటకం", "వీరగాథ" అనే రెండు గోడల మధ్య బంతిలా తిరుగుతూ ఉంటుంది.

ముందుగా ఆ రాత్రికి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. తెల్లవారుజామున 3 గంటలకు, జనం గాఢనిద్రలో ఉండగా మొదలుపెట్టాలన్నది కుట్రదారుల పథకం. సమాచారం బయటికి పొక్కిందని తెలిసి హడావుడిగా ముందుకు జరిపారు. దాంతో శుక్రవారం రాత్రి 10 గంటలకు, ఇస్తాంబుల్ వీధులన్నీ కిటకిటలాడే వేళ, వంతెన మీదికి సైనికులు వచ్చి నిలబడ్డారు. కార్లలో చిక్కుకున్న జనం ఏదో ఉగ్రవాద దాడి కాబోలు అనుకున్నారు. ప్రభుత్వ టీవీ స్టూడియోలో న్యూస్ రీడర్ చేత బలవంతంగా ప్రకటన చదివించారు. ప్రైవేటు ఛానెళ్ల గొంతు నొక్కాలన్న ధ్యాస మాత్రం వారికి ఆలస్యంగా కలిగింది.

ఆ సందులోంచే ఎర్డోగాన్ బయటపడ్డాడు. మర్మరిస్‌లో సెలవులో ఉన్న ఆయన అర్ధరాత్రి దాటాక సీఎన్ఎన్ టర్క్ యాంకర్ హాందే ఫిరాత్‌తో వీడియో కాల్‌లో మాట్లాడాడు. ఆమె తన ఫోనును కెమెరాకు ఎదురుగా పట్టుకుంది. ఆ చిన్న తెరలో, వెనక తెల్లటి కర్టెనుతో, ఎవరో బంధువు ఫోను చేసినట్టు కనిపిస్తూ ఒక దేశాధ్యక్షుడు ప్రజలను వీధుల్లోకి, విమానాశ్రయాల్లోకి రమ్మని పిలిచాడు. అంతకు కొన్నేళ్ల ముందు ట్విట్టర్‌ను, యూట్యూబ్‌ను మూయించిన నాయకుడికి ఇంటర్నెట్ ఆ రాత్రి పదవినీ, బహుశా ప్రాణాన్నీ నిలబెట్టింది. మసీదుల మినార్ల నుంచి వేళ కాని వేళ ప్రార్థనా పిలుపులు వినిపించాయి. జనం ట్యాంకుల ముందు పడుకున్నారు. ప్రత్యేక దళాల ప్రధాన కేంద్రాన్ని ఆక్రమించడానికి వచ్చిన జనరల్‌ను ఒమర్ హాలిస్‌దెమిర్ అనే సార్జెంటు కాల్చి చంపి, ఆ వెంటనే తానూ తూటాలకు బలయ్యాడు.

ఇంకో సంగతి తక్కువగా గుర్తు చేసుకుంటారు. ఎర్డోగాన్ అంటే గిట్టని వారు కూడా ఆ రాత్రి తిరుగుబాటును సమర్థించలేదు. పార్లమెంటులోని నాలుగు పార్టీలూ, కుర్దుల హక్కుల పార్టీ హెచ్‌డీపీతో సహా, మర్నాడు ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 1960లో సైన్యం అధికారం లాక్కుని మరుసటి ఏడాది ప్రధాని మెందెరెస్‌ను ఉరి తీసిన దేశం అది. 1971లో సైన్యం ఒక్క లేఖతో ప్రభుత్వాన్ని దించింది. 1980లో జనరల్ కెనాన్ ఎవ్రెన్ ట్యాంకులతో వచ్చాడు. లక్షలాది మందిని జైళ్లలో కుక్కాడు. సైన్యం వస్తే ఎలా ఉంటుందో వామపక్షీయులకూ, కుర్దులకూ, మతవాదులకూ ఎవరూ చెప్పనక్కర్లేదు. అందరూ ఒక్క మాట మీద నిలబడిన ఆ ఒక్క రోజును చేతిలో పెట్టుకుని ఎర్డోగాన్ ఏం చేశాడన్నదే నా ప్రశ్న.

తెల్లవారకముందే ఇస్తాంబుల్ విమానాశ్రయంలో దిగి, ఈ తిరుగుబాటు మనకు దేవుడిచ్చిన వరం అన్నాడాయన. సైన్యాన్ని ప్రక్షాళన చేసే అవకాశం దొరికిందన్నది ఆయన చెప్పిన అర్థం. సైన్యంతో ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. తిరుగుబాటులో పాల్గొన్నవారు 8,651 మంది అని టర్కీ సైనిక ప్రధాన కార్యాలయమే ప్రకటించింది. మొత్తం సైన్యంలో ఒకటిన్నర శాతం. అందులో వెయ్యి మందికి పైగా సైనిక పాఠశాలల విద్యార్థులు. ఆ తర్వాతి రెండేళ్లలో అత్యవసర ఆర్డినెన్సుల కింద ఉద్యోగాలు ఊడినవారు 1,25,000 మందికి పైగా. టీచర్లు, నర్సులు, మున్సిపల్ గుమాస్తాలు, ప్రొఫెసర్లు, వాతావరణ శాఖ ఉద్యోగులు. జూలై 19న ఒక్కరోజే విద్యాశాఖ 15,200 మందిని సస్పెండ్ చేసింది. అదే రోజు దేశంలోని విశ్వవిద్యాలయాల డీన్లు 1,577 మందినీ రాజీనామా చేయమన్నారు. వాళ్లలో ఎవరి దగ్గర ట్యాంకు ఉందో నాకైతే తెలియదు.

జూలై 20న ఎమర్జెన్సీ విధించారు. దాని కింద వచ్చిన ఆర్డినెన్సులు చదవడానికి ఎలా ఉంటాయంటే, ముందు కొన్ని పేజీల చట్టం, వెనక వందల పేజీల పేర్లు. తరచుగా అవి రాత్రి పొద్దుపోయాక గెజిట్‌లో ప్రత్యక్షమయ్యేవి. జనం పీడీఎఫ్ తెరిచి తమ పేరు కోసం వెతుక్కునేవారు. సెప్టెంబరు 1 నాటి ఒక్క ఆర్డినెన్సులోనే 50 వేలకు పైగా పేర్లున్నాయి. పేరు పక్కన ఊరు, శాఖ, హోదా ఉంటాయి. తప్పేమిటో ఉండదు. ఉగ్రవాద సంస్థలతో "సభ్యత్వం, అనుబంధం లేదా సంబంధం" అన్న ఒకే మాట అందరికీ. పేరు ఎక్కితే జీవితాంతం ప్రభుత్వోద్యోగం రాదు. పాస్‌పోర్టు రద్దు. చాలామంది విషయంలో భార్య లేదా భర్త పాస్‌పోర్టు కూడా పోయింది. ప్రైవేటు యజమాని ఎవరైనా పని ఇద్దామన్నా రికార్డుల్లో ఆ ఆర్డినెన్సు తాలూకు గుర్తు చూసి వెనక్కి తగ్గేవాడు.

ఇక ఆధారాలు. ఫెతుల్లా గులెన్ అనే మతబోధకుడి ఉద్యమమే తిరుగుబాటు వెనక ఉందని ప్రభుత్వం అంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంటూ 2024లో చనిపోయే దాకా ఆయన కాదంటూనే వచ్చాడు. అకిన్జీ స్థావరంలో ఆ రాత్రి దొరికిన పౌరులు ఎవరు, ఏ అధికారి ఎవరి మాట విన్నాడు అన్న వివరాలు చూస్తే ఆ ఉద్యమపు రహస్య విభాగానికి ఇందులో పెద్ద పాత్ర ఉందనే నాకూ అనిపిస్తుంది. కానీ కోర్టులు "ఉగ్రవాద సభ్యత్వం"గా లెక్కగట్టిన వాటిలో ఏమేం ఉన్నాయి? ప్రభుత్వ లైసెన్సుతో బహిరంగంగా నడిచిన బ్యాంక్ ఆస్యాలో డబ్బు దాచుకోవడం. ఆ ఉద్యమం నడిపిన బడికి పిల్లల్ని పంపడం. ఒక దినపత్రికకు చందా కట్టడం. అన్నిటికంటే ముఖ్యంగా బైలాక్ అనే మెసేజింగ్ యాప్ ఫోనులో ఉండటం.

ఆ బైలాక్ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆ యాప్ సర్వరుకు ఫోను ఒక్కసారి తగిలినట్టు రికార్డు ఉన్నా సరే, మనిషిని అరెస్టు చేశారు. 2017 డిసెంబరులో అంకారా ప్రాసిక్యూటర్ ఆఫీసు ఒక ప్రకటన చేసింది. 11,480 మంది ఫోన్లు తమ ప్రమేయం లేకుండానే ఆ సర్వరుకు మళ్లాయట. సంగీతం వినే యాప్, నమాజు దిశ చూపించే యాప్ లాంటివి డౌన్‌లోడ్ చేసుకున్నవారి ఫోన్లను ఒక కోడు దొంగచాటుగా అటు తిప్పిందట. నమాజుకు ఏ దిక్కు తిరగాలో చూసుకున్న పాపానికి కొందరు నెలల తరబడి జైల్లో ఉన్నారన్నమాట. ఈ తప్పు బయటపడింది కూడా ప్రభుత్వం పరిశీలించడం వల్ల కాదు. నిందితుల తరఫు లాయర్లు, కంప్యూటర్ నిపుణులు పట్టుబట్టి తవ్వి తీయడం వల్ల.

సరే, గులెన్ మనుషులను వెతికే క్రమంలో పొరపాట్లు జరిగాయనుకుందాం. మరి నురియే గుల్మెన్ సంగతేమిటి? ఆమె వామపక్ష భావాలున్న అధ్యాపకురాలు. గులెన్ ఉద్యమానికీ ఆమెకూ ఉప్పూ నిప్పూ. ఆమెనూ మొదట సస్పెండ్ చేశారు, తర్వాత తీసేశారు. 2016 నవంబరులో ఆమె అంకారాలోని యుక్సెల్ వీధికి వచ్చి, "నా ఉద్యోగం నాకు కావాలి" అన్న అట్ట పట్టుకుని నిలబడింది. అక్కడ మానవ హక్కుల స్మారకం ఉంది. ఒక స్త్రీ కూర్చుని మానవ హక్కుల ప్రకటన చదువుతున్నట్టు మలిచిన శిల్పం. పోలీసులు తీసుకెళ్లడం, ఆమె విడుదలై మళ్లీ అక్కడికే రావడం, ఇదే వరస. సెమిహ్ ఓజాక్‌చా అనే ప్రాథమిక పాఠశాల టీచరు ఆమెతో కలిశాడు. 2017 మార్చిలో ఇద్దరూ నిరాహారదీక్ష మొదలుపెట్టారు. మే నెలలో ఇద్దరినీ అరెస్టు చేసి, ఆ శిల్పం చుట్టూ ఇనుప బారికేడ్లు కట్టి పోలీసులను కాపలా పెట్టారు. ప్రకటన చదువుతున్న శిల్పానికి కూడా నిర్బంధం తప్పలేదు. ఇద్దరూ బక్కచిక్కి, నడవలేని స్థితికి వచ్చాక, 2018 జనవరిలో దీక్ష విరమించారు. ఉద్యోగాలు రాలేదు.

తిరుగుబాటును ఖండిస్తూ సంతకం పెట్టిన హెచ్‌డీపీకి దక్కిన ఫలం ఇంకా విచిత్రం. ఆగస్టు 7న ఇస్తాంబుల్‌లోని యెనికాపిలో ఐక్యతా సభ అని లక్షల మందితో పెద్ద సభ పెట్టారు. ప్రధాన ప్రతిపక్ష నాయకుడు కూడా వేదిక ఎక్కాడు. హెచ్‌డీపీని పిలవలేదు. నవంబరు 4న ఆ పార్టీ ఉమ్మడి అధ్యక్షులు దెమిర్తాష్, యుక్సెక్‌దాగ్‌లను అరెస్టు చేశారు. గెలిచిన మేయర్లను తీసేసి ప్రభుత్వం తన మనుషులను కూర్చోబెట్టేందుకు వీలిచ్చిన ఆర్డినెన్సు కూడా ఆ సెప్టెంబరు 1నే వచ్చింది. కుర్దు పట్టణాల్లో దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడారు.

నా అసలు అభ్యంతరం అన్యాయం జరిగిందనే దగ్గర ఆగదు. ఇలాంటి జాబితాలు తిరుగుబాట్లను ఆపవు, పుట్టిస్తాయి. సాక్ష్యం టర్కీలోనే ఉంది.

2010లో బాల్యోజ్ కేసు మొదలైంది. 2003లో సైన్యాధికారులు ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నారన్నది ఆరోపణ. 2012లో 300 మందికి పైగా అధికారులకు శిక్షలు పడ్డాయి. అప్పట్లో ఎర్డోగాన్ ప్రభుత్వమూ, గులెన్ ఉద్యమమూ ఒకే జట్టు. పోలీసు, న్యాయ శాఖల్లోని గులెన్ అనుచరులు కేసులు నడిపారు, ప్రభుత్వం వెనకేసుకొచ్చింది. సైన్యం పెత్తనానికి చరమగీతం అని యూరప్ ఉదారవాదులు కూడా చప్పట్లు కొట్టారు. చిక్కల్లా ఒక్కటే. 2003లో తయారైనట్టు చెప్పిన పత్రాల్లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007తో పాటు జనంలోకి వచ్చిన కాలిబ్రి ఫాంటు జాడలున్నాయి. లాయర్లు మొత్తుకున్నా కోర్టు వినలేదు. 2013 చివర్లో అవినీతి కేసుల మీద మిత్రులిద్దరికీ చెడ్డాక గానీ ఆ పత్రాలు దొంగవన్న జ్ఞానోదయం కలగలేదు. 2015లో వాళ్లంతా నిర్దోషులుగా తేలారు.

ఈలోగా ఖాళీ అయిన కుర్చీలు ఖాళీగా ఉంటాయా? జనరళ్లు, కర్నళ్లు జైలుకు వెళితే వాళ్ల కింద ఉన్నవారు పైకి వచ్చారు. వారిలో గులెన్ అనుచరులు చాలామంది. 2016 జూలై 15న ట్యాంకులు కదిలించిన చేతుల్లో కొన్ని అలా పైకి వచ్చినవే. అంటే తిరుగుబాటును ముందుగానే అణిచేశామని జబ్బలు చరుచుకున్న ప్రక్షాళనే అసలు తిరుగుబాటుకు దారి వేసింది. పాముకు పాలు పోసినవాడే తర్వాత పాముల వేటగాడిగా కితాబులు అందుకున్నాడు. 2016 తర్వాత న్యాయ శాఖలోనూ ఇదే జరిగింది. నాలుగు వేలకు పైగా జడ్జీలు, ప్రాసిక్యూటర్లు పోగా, ఆ కుర్చీల్లోకి అనుభవం లేని కొత్తవారిని వేల సంఖ్యలో తీసుకున్నారు. వాళ్లు కళ్లారా చూసిన మొదటి పాఠం, ప్రభుత్వానికి నచ్చని తీర్పు ఇచ్చినవాడి గతి ఏమవుతుందన్నది.

"పార్లమెంటు మీద బాంబులు పడితే ఏ ప్రభుత్వం ఊరుకుంటుంది?" అని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్న. ఊరుకోనక్కర్లేదు. బాంబు వేసిన పైలట్‌కూ, వేయమన్న జనరల్‌కూ యావజ్జీవం పడితే నాకు అభ్యంతరం లేదు. కానీ శిక్షణ శిబిరం నుంచి బస్సుల్లో ఎక్కించి ఇస్తాంబుల్ తీసుకొచ్చిన ఇరవై ఏళ్ల వైమానిక దళ విద్యార్థులకు యావజ్జీవం ఎందుకు? కసరత్తు ఉందని చెప్పి తెచ్చారని వాళ్లు మొత్తుకున్నారు. వారిలో కొందరి శిక్షలను ఏళ్ల తర్వాత పై కోర్టు కొట్టేసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

ఇంకో దారి ఉందని చెప్పడానికి స్పెయిన్ చాలు. 1981 ఫిబ్రవరి 23 సాయంత్రం లెఫ్టినెంట్ కర్నల్ తెహేరో సుమారు 200 మంది సివిల్ గార్డులతో, తుపాకీ పట్టుకుని పార్లమెంటులోకి దూసుకొచ్చాడు. పైకప్పులో దిగిన తూటాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. మర్నాడు లొంగిపోయేటప్పుడు ఒక జీపు బానెట్ మీద కాగితం పెట్టి ఒప్పందం రాసుకున్నారు. కింది ర్యాంకుల వారిపై చర్య ఉండకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. చివరికి విచారణ ఎదుర్కొన్నది 33 మంది. తక్కువేనని నేనూ అంటాను. తెర వెనక ఉన్న పెద్దలు చాలామంది తప్పించుకున్నారు. అయితే కుట్ర నాయకుల్లో ఒకడైన జనరల్ అర్మాదాకు సైనిక కోర్టు ఆరేళ్లే వేస్తే ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసి 30 ఏళ్లకు పెంచేలా చూసింది. చట్టం దారిలోనే, పేరు పేరునా.

అంతకంటే నాకు నచ్చేది, ఆ తిరుగుబాటు నుంచి బయటపడిన పాలక పార్టీకి ఏమైందన్నది. 1982 అక్టోబరు ఎన్నికల్లో ఆ పార్టీ, యూసీడీ, 168 సీట్ల నుంచి 11కు పడిపోయింది. సోషలిస్టులకు 202 వచ్చాయి. ఓడినవారు మారుమాట లేకుండా తాళాలు అప్పగించారు. తిరుగుబాటు భయంతో ప్రాంతీయ స్వయంప్రతిపత్తిని కత్తిరిస్తూ తెచ్చిన చట్టంలో ముఖ్యమైన భాగాలను 1983లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. కొట్టేయగలిగింది. టర్కీ రాజ్యాంగ న్యాయస్థానంలో మాత్రం ఇద్దరు సభ్యులను తిరుగుబాటు మర్నాడే అదుపులోకి తీసుకున్నారు. మిగిలినవారికి సంగతి అర్థమైంది. ఎమర్జెన్సీ ఆర్డినెన్సులను సమీక్షించే అధికారం తమకు లేదని 2016 అక్టోబరులో తీర్పు చెప్పారు. అదే కోర్టు 1991లో ఆ అధికారం తనకు ఉందని అంది.

మిగతాది చకచకా జరిగిపోయింది. 2017 ఏప్రిల్ 16న, ఎమర్జెన్సీ నడుస్తుండగానే, ప్రధానమంత్రి పదవిని ఎత్తేసి అధికారమంతా అధ్యక్షుడికి ఇచ్చే రిఫరెండం. అధికారిక ముద్ర లేని బ్యాలెట్లను కూడా లెక్కించమని ఎన్నికల మండలి పోలింగు రోజునే ఆదేశించింది. 51.4 శాతంతో నెగ్గింది. ఇస్తాంబుల్, అంకారా, ఇజ్మీర్ మూడూ వద్దన్నాయి. 2018 జూన్‌లో కొత్త పద్ధతిలో ఎర్డోగాన్ ఎన్నికయ్యాడు. జూలైలో ఎమర్జెన్సీ ఎత్తేశారు. వెంటనే దాని అధికారాల్లో పనికొచ్చేవాటిని మామూలు చట్టంలో కలిపేశారు. అన్నట్టు, ఆ రాత్రి ఫోను చూపించిన ఛానెల్ కూడా అదే ఏడాది ప్రభుత్వానికి దగ్గరి వ్యాపార సంస్థ చేతికి వెళ్లింది.

ఉద్యోగాలు పోయినవారి అర్జీలు వినడానికి 2017లో ఒక కమిషన్ వేశారు. మనిషిని పిలిచి వినడం లేదు, కాగితాలు చూడటమే. 1,27,000కు పైగా అర్జీలు వచ్చాయి. ఆరేళ్లు గడిచేసరికి దాదాపు 18 వేల మందికి అనుకూలంగా తీర్పు వచ్చింది. అందులో కొందరు అప్పటికే చనిపోయారు.

2023 సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఒక ఉపాధ్యాయుడి కేసులో పెద్ద తీర్పు ఇచ్చింది. ప్రధానంగా బైలాక్ వాడాడన్న కారణంతో ఆయన్ను ఉగ్రవాదిగా తేల్చడం చెల్లదని, చట్టంలో లేని నేరాన్ని ఆ యాప్‌తో సృష్టించారని చెప్పింది. అలాంటివే సుమారు 8,500 దరఖాస్తులు తన ముందున్నాయని, సమస్యను మూలంలోనే సరిదిద్దాలని టర్కీకి సూచించింది. ఏడాది తర్వాత స్థానిక కోర్టు ఆయన కేసును తిరిగి విచారించింది. మళ్లీ దోషే అంది.